వరసగా కూర్చున్న పికిలిపిట్టలు

ఉదయ్‌కిరణ్ బయోడేటాతో పాటు మెయిల్లో ఒక ఫొటో వచ్చింది. అతనిది కాదు, అతను తీసినది. సన్నటి కొమ్మ మీద మూడు పికిలిపిట్ట పిల్లలు వరసగా కూర్చుని నోళ్లు తెరిచాయి. తల్లి ముక్కున ఆకుపచ్చ పురుగుతో వాటి ముందు వాలుతోంది. పొద్దుటెండ పిల్లల నోళ్ల లోపలి దాకా పడింది.

మా అన్నయ్య కన్నబాబు రాంగోపాల్‌పేటలో ఒక బీమా ఆఫీసులో పనిచేస్తాడు. ఆ ఫొటోని ఆఫీసులో రంగుల్లో ప్రింటు తీయించి తెచ్చాడు. వదిన దేవిక దాన్ని ఫ్రిజ్ తలుపుకి అంటించింది. "ఇంత ముద్దుగా ఫొటో తీసినోడు పెళ్లాన్ని ఎంత ముద్దుగా చూస్తాడో చూడు సత్యా," అంది.

నేను బయటికేమీ అనలేదు కానీ ఆ ఫొటో ముందు చాలాసార్లు నిలబడ్డాను. మంచినీళ్లకి వెళ్లినప్పుడల్లా చూసేదాన్ని. విజయనగరం దగ్గర మా ఊళ్లో బడి వెనక గోరింట కంచె ఉండేది. ఏటా ఎండాకాలం అందులో పికిలిపిట్టలు గూడు కట్టేవి. అన్నం గంటలో నేను అక్కడికి వెళ్లి కూర్చునేదాన్ని. కదలకుండా కూర్చుంటే కొన్నాళ్లకి పిట్టలు మనిషిని రాయికింద జమకడతాయి. మన తల మీదుగానే పురుగు పట్టుకుని గూటికి పోతాయి. పట్నం వచ్చాక నేను చెవులకి హెడ్‌ఫోన్లు తగిలించుకుని, అమెరికా డాక్టర్లు గొణిగిన మాటలు విని టైపు చేసే ఉద్యోగంలో చేరాను. సీతాఫల్‌మండిలో మా అద్దె వాటా కిటికీలోంచి పక్కింటి నీళ్ల ట్యాంకు తప్ప ఏమీ కనబడదు. అంతకుముందు వచ్చిన సంబంధాల్లో పిట్టలను చూసేవాడంటూ ఒక్కడూ లేడు.

ఫొటోలో ఒక్కటే వింతగా అనిపించింది. పిల్లల రెక్కలు ఇంకా విచ్చుకోలేదు, ముళ్లలాగే ఉన్నాయి. ఆ ఈడులో పికిలిపిట్ట పిల్లలు గూడు దాటి రావు. పట్నం పిట్టలు కదా, తొందర ఎక్కువేమో అనుకున్నాను.

పెళ్లిచూపులు ఇంట్లో వద్దన్నాడు అతను. "కుర్చీలు వేసి, అమ్మాయిని తెచ్చి కూర్చోబెట్టి, పైనుంచి కిందికి చూడటం నాకు అసహ్యం అండీ. ఆదివారం తిరుమలగిరిలో బర్డ్ వాక్ పెడతాను. ఇప్పుడు గూళ్ల సీజన్. అందరూ రండి. నడుస్తూ మాట్లాడుకుందాం," అని అన్నయ్యకి ఫోన్లో చెప్పాడు. అసహ్యం అన్న ఆ మాట కూడా నాకు నచ్చింది.

ఆదివారం తెల్లారగానే వెళ్లాం. మిలిటరీ వాళ్ల గోడల పక్కన నిద్రగన్నేరు చెట్ల కింద కారు ఆపుకుని, అతనూ వాళ్లమ్మ శేషారత్నం గారూ మాకోసం చూస్తున్నారు. అతను ఆకుల రంగు టోపీ, ఆకుల రంగు చొక్కా వేసుకున్నాడు. మెడలో పెద్ద కెమెరా వేలాడుతోంది. ఆవిడ భీమవరం మనిషి, జరీ చీర కట్టుకుని టిఫిను క్యారియరు పట్టుకుని నిలబడింది.

"పిట్టల్ని చూస్తాకి పట్టుచీరేంటని వీడు ఒకటే గోలండి," అంది ఆవిడ నవ్వుతూ. "నేను పిట్టల కోసం వచ్చేనా ఏంటి, పిల్ల కోసం గానీ. ఆయ్."

అన్నయ్య అవసరమైన దానికన్నా పెద్దగా నవ్వాడు.

నడక మొదట్లో బాగానే ఉంది. అతను మెల్లగా మాట్లాడతాడు. చెట్టు చూపించేటప్పుడు వేలు చాచకుండా గడ్డంతో చూపిస్తాడు. పిట్టలకు వేలు చాచకూడదని తెలిసినవాడు అనుకున్నాను. ఆకులు కుట్టుకుని గూడు చేసుకునే చిన్న పిట్ట ఒకటి ముక్కున పురుగుతో మామిడిచెట్టులోకి పోతోంది. అతను జేబులోంచి చిన్న స్పీకరు తీసి మీట నొక్కాడు. అదే పిట్ట అరుపు, పది రెట్లు గట్టిగా, అందులోంచి మోగింది.

పిట్ట గిర్రున తిరిగి వచ్చింది. తోక నిలబెట్టి, గొంతు ఉబ్బించి, కొమ్మ నుంచి కొమ్మకి గెంతుతూ కనబడని శత్రువు కోసం వెతికింది. అరవడానికి నోరు తెరిచినప్పుడు ముక్కున ఉన్న పురుగు కింద పడిపోయింది. అతను మళ్లీ నొక్కాడు. మళ్లీ నొక్కాడు.

"ఇంకో మగాడు వచ్చాడనుకుంటోందండి," అన్నాడు ఫొటోలు తీసుకుంటూ. "టెన్షన్ చూడండి పాపం. పెళ్లాం ఎక్కడ పోతుందోనని!"

"భలేవారు బాబూ మీరు!" అన్నాడు అన్నయ్య.

నేను కింద పడ్డ పురుగు వైపు చూస్తున్నాను. చీమలు అప్పుడే దాని దగ్గరికి వచ్చేశాయి. పోనీలే, సరదా పడ్డాడు అనుకున్నాను. ఒకణ్ణి ఇష్టపడదామని బయల్దేరాక అతని మీద తొందరగా కోపం రాదు.

ఆ సందు చివర ఒక పాత బంగళా ఉంది. అసలువాళ్లు బెంగళూరులో ఉంటారట. తోటమాలి జకర్యా గేటు దగ్గర బీడీ ఆర్పి లోపలికి రమ్మన్నాడు. ఎక్కడ గూడు పడినా ఉదయ్‌కిరణ్‌కి ఫోన్ చేసేది ఇతనేనట.

"వచ్చిన్రా సార్! మూడు పిల్లలు. కండ్లు తెర్సినయ్. జెర లేటైతే ఎగిరిపోతయని పరేషాన్ అయితున్న."

గోరింట కంచె. అచ్చం మా బడి వెనక ఉన్నట్టే, గుబురుగా. రొమ్మెత్తులో రెండు కొమ్మల మధ్య చిన్న గూడు ఉంది. తల్లి వచ్చింది. తోక కింద ఎర్రటి మచ్చ. పిల్లలకి ఏదో పెట్టి, గూటి అంచున ఆగింది. ఒక పిల్ల వెనక్కి తిరిగింది. దాని వెనక నుంచి తెల్లటి తిత్తిలాంటిది బయటికి వస్తే, తల్లి దాన్ని ముక్కుతో అందుకుని దూరంగా ఎగిరిపోయింది.

"ఏంటది?" అంది శేషారత్నం గారు.

"పిల్ల రెట్ట అమ్మా. గూడు పాడవకుండా తీసుకెళ్లి బయట పారేస్తుంది."

"ఛీ ఛీ! నోటితోనే?" ఆవిడ చీర కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుంది. "పొద్దున్నే ఏం చూపిస్తున్నావురా?"

నాకు ఛీ అనిపించలేదు. గూటి కింద ఒక్క చుక్క మరక లేదు. అంత శుభ్రమైన ఇల్లు నేను సీతాఫల్‌మండిలో చూడలేదు.

అతను సంచీలోంచి కొమ్మలు కత్తిరించే కత్తెర తీశాడు. గూటి చుట్టూ ఉన్న రెమ్మలను ఒక్కొక్కటే కత్తిరించి జకర్యాకి అందించాడు. ఎండ గూటి మీద నేరుగా పడింది. పిల్లలు కళ్లు మూసుకున్నాయి.

"కన్నబాబు గారూ, ఈ థర్మాకోల్ అట్ట అలా ఏటవాలుగా పట్టుకుంటారా? వెలుతురు కిందినుంచి కొట్టాలి."

అన్నయ్య చెప్పులు విప్పి మరీ పట్టుకున్నాడు. పూజలో పళ్లెం పట్టుకున్నట్టు రెండు చేతులా పట్టుకున్నాడు. వదిన గొడుగు కెమెరా మీద ఎండ పడకుండా పట్టింది.

ఉదయ్‌కిరణ్ గూట్లో వేళ్లు పెట్టాడు. పిల్లలు ఆ వేళ్లనే తల్లి ముక్కనుకుని నోళ్లు తెరిచాయి. "ఓపెన్, ఓపెన్! గుడ్ గాళ్," అంటూ ఒక్కొక్కదాన్నీ తీసి టోపీలో వేశాడు. పొట్టలు ఊదారంగులో, పల్చటి చర్మం లోపల పేగులు కనబడుతూ ఉన్నాయి. జకర్యా ఒక పొడుగాటి కొమ్మ తెచ్చి కంచెలో అడ్డంగా గుచ్చాడు. అప్పుడు ఉదయ్‌కిరణ్ కెమెరా సంచీ పక్కజేబులోంచి జిగురు సీసా తీశాడు. ఆఫీసుల్లో కవర్లు అంటించే జిగురు.

కొమ్మ మీద మూడుచోట్ల బొట్లు పెట్టాడు. మొదటి పిల్లను ఒక బొట్టు మీద నిలబెట్టి, కాళ్లు బొటనవేలితో నొక్కాడు. రెండోదాన్ని నొక్కాడు. తర్వాత నావైపు తిరిగాడు.

"మీ వేళ్లు సన్నగా ఉన్నాయి, సత్యవేణి గారూ. ఈ మూడోదాని కాళ్లు కాస్త నొక్కి పెడతారా? మన ఫస్ట్ జాయింట్ ప్రాజెక్ట్."

"వెళ్లే, వెళ్లు," అంది వదిన నా వీపు మీద చెయ్యి వేసి నెడుతూ.

పిల్లను నా చేతిలో పెట్టాడు. జ్వరం వచ్చిన మనిషి నుదురులా కాలుతోంది. ఒళ్లంతా గుండె అయినట్టు కొట్టుకుంటోంది. నేను నొక్కలేదు.

"ఫ్రిజ్ మీది ఫొటో," అన్నాను. అతనితో నేను అన్న మొదటి మాట అదే. "అది కూడా ఇలాగేనా?"

"సేమ్ టెక్నిక్," అన్నాడు గొంతు తగ్గించి, నాకొక్కదానికే రహస్యం చెబుతున్నట్టు. "మరి మూడూ వరసగా ఎలా కూర్చుంటాయండీ? బయట చెప్పకండేం. దానికి కాంటెస్ట్‌లో సెకండ్ వచ్చింది."

నా చేతిలోంచి పిల్లను తీసుకుని తనే అంటించాడు.

ఇంతలో తల్లి వచ్చేసింది. తండ్రి కూడా వచ్చింది. రెండూ కంచె చుట్టూ తిరుగుతూ అరుస్తున్నాయి, కొమ్మ దగ్గరికి మాత్రం రావు. పిల్లలు గూట్లో ఉండాలి, ఇక్కడున్నాయేమిటి అన్నట్టు ఖాళీ గూటి అంచున వాలి లోపలికి చూసి మళ్లీ అరుస్తున్నాయి. కరెంటు తీగ మీద ఒక కాకి వచ్చి కూర్చుంది.

"దీనికి ఓపిక కావాలండి," అన్నాడు అతను కెమెరా వెనక నుంచి.

ఎండ ఎక్కింది. పిల్లలు నోళ్లు తెరిచే ఉంచాయి. ఇప్పుడది తిండి కోసం కాదు, వేడికి. నడిమిది మెడ వాల్చింది, తూలింది. కాళ్లు అంటుకుని ఉండటంతో కింద పడలేదు. కొమ్మకి తలకిందులుగా వేలాడుతూ, బోడి రెక్కలు కొట్టుకుంది.

"సర్కస్ చేస్తుంది సార్!" అన్నాడు జకర్యా. వదిన నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వింది. ఉదయ్‌కిరణ్ పెన్నుతో దాన్ని పైకి లేపి, మళ్లీ ఒక బొట్టు వేశాడు.

నా నోట్లో ఉప్పటి నీళ్లు ఊరాయి. వద్దు అన్న మాట గొంతులోనే ఉంది. దాన్ని పైకి తేవాలంటే ముందు వాంతి వచ్చేలా ఉంది. నేను నోరు గట్టిగా మూసుకున్నాను.

చివరికి తల్లి ఆగలేకపోయింది. పురుగుతో వచ్చి కొమ్మ ముందు రెక్కలు విప్పింది. కెమెరా టకటకా కొట్టుకుంది. "వచ్చేసింది!" అని అరిచాడు. అందరూ చప్పట్లు కొట్టారు. అన్నయ్య అట్టని చంకలో పెట్టుకుని కొట్టాడు.

"ఎంత ముద్దుగా ఉన్నాయో చూడండి," అంది శేషారత్నం గారు. ఆవిడ చూస్తున్నది కొమ్మ వైపు కాదు. అందరూ కెమెరా వెనక ఉన్న చిన్న తెర మీదికి వంగి చూస్తున్నారు.

నేను నీళ్ల సీసా తీసుకుని కంచె దగ్గరికి వెళ్లాను. పిల్లల కాళ్ల మీద కొంచెం కొంచెం నీళ్లు పోసి, గోటితో జిగురు కదిలించాను. మొదటిది వచ్చింది. చివరిది వచ్చింది. నడిమిదానికి రెండుసార్లు వేసిన జిగురు ఎండిపోయింది. ఎంత మెల్లగా లాగినా కొమ్మ మీద ఏదో మిగిలిపోయింది. మూడింటినీ గూట్లో పెట్టి, జకర్యా పారేసిన రెమ్మలు ఏరుకొచ్చి పైన కప్పాను. మధ్యాహ్నానికల్లా వాడిపోయే ఆకులే అవి. నా చేతుల నిండా జిగురు, రెట్ట, కొంచెం రక్తం అంటుకున్నాయి. చేతులు దూరంగా పట్టుకుని నిలబడ్డాను.

శేషారత్నం గారు నన్ను అప్పుడు చూశారు.

"అయ్యో తల్లీ! ఎంత సున్నితం మనసు! రేపు పిల్లల్ని ఇలాగే చూసుకుంటాది," అంటూ సంచీలోంచి మల్లెపూల మాల తీసి, నేను చెయ్యి అడ్డం పెట్టే వీలులేకుండా ఉండగానే నా జడలో తురిమేశారు. "మాకు నచ్చేసిందండి. మరి పిల్ల మాటేంటి? ఒక్క ముక్కా మాట్టాడదే?"

"అది అంతేనండి," అన్నాడు అన్నయ్య కంగారుగా, సంతోషంగా. "మా సత్య నోరెత్తలేదంటే ఇష్టమనే లెక్క."

"నోట్లో నాలుక లేని పిల్లే కావాలండి మాకూ. ఆయ్."

చెట్టు కింద దుప్పటి పరిచి క్యారియరు విప్పారు. ఉదయ్‌కిరణ్ చేతులు కాగితంతో తుడుచుకున్నాడు, కడుక్కోలేదు. వేళ్ల మీద ఎండిన జిగురుని పొరలు పొరలుగా వలిచి, చిన్న ఉండలు చేసి పక్కన పెడుతూ, మాదాపూర్‌లో కొన్న ఫ్లాటు బాల్కనీ గురించి చెప్పాడు. అదే చేత్తో పులిహోర కలిపాడు. అదే చేత్తో ఒక పూతరేకు తీసి నా ఆకులో వేశాడు. దాని మీద వేలిముద్ర పడింది.

నేను చేతులు కడుక్కుంటానని లేచి, పంపు వెనక వాంతి చేసుకున్నాను.

"తక్లీఫ్ అయితుందా అమ్మా?" అన్నాడు జకర్యా. "ఎండ జెర కడక్ ఉన్నది గద."

ఇంటికి వచ్చి జడలోంచి పూలు తీసి చెత్తబుట్టలో వేశాక చెప్పాను. "అన్నయ్యా, నాకు వద్దు."

అన్నయ్య అప్పటికే మా నాన్నకి ఫోన్ చేసేశాడు. "ఏటే? పూలు ఎట్టేసేరు కదే! అప్పుడేటి చెప్పలేదు?"

"ఓలమ్మో!" అంది వదిన. "పిట్టపిల్లల కోసం సంబంధం ఒగ్గేస్తావేటి? మన ఇంట్లో కోడిని కొయ్యమేటి? నువ్వు తినవేటి?"

"తింటాను. కోసేటప్పుడు ముద్దుగా ఉందని చప్పట్లు కొట్టం కదా వదినా."

"దాని మాటలు చూడండి! ఇన్నాళ్లూ నోట్లో ఏటి దాచుకుందో!"

అన్నయ్య ఇద్దరి మధ్యా నిలబడి తల గోక్కున్నాడు. "సరే. రేపు సాయంత్రం ఎల్లి చూసొద్దాం. పిల్లలు బాగున్నాయనుకో, ఇంక నువ్వు మాట్లాడకూడదు. ఒప్పుకున్నట్టేనా?"

బాగున్నా నా మాట అదే. కానీ ఆ రోజుకి అప్పటికే చాలా మాట్లాడేశాను. ఊరుకున్నాను. అన్నయ్య దాన్ని కూడా ఒప్పుకోవడం కిందే రాసుకున్నాడు.

మర్నాడు ఆఫీసులు అయ్యాక బస్సెక్కి వెళ్లాం. కంచె దగ్గరికి వెళ్లకముందే తెలిసింది. అరుపులు లేవు. నేను కప్పిన రెమ్మలు గోధుమరంగుకి తిరిగి కింద రాలి ఉన్నాయి. గూటి అంచు మీదుగా చీమల బారు లోపలికి, బయటికి నడుస్తోంది. లోపల ఒక్క పిల్లే ఉంది. కళ్లు ఉండాల్సిన చోట చీమలు గుంపుగా ఉన్నాయి. అందమైన ఆ గూట్లోంచి కుళ్లు వాసన వచ్చింది.

జకర్యా గొట్టం పట్టుకుని మొక్కలకి నీళ్లు పెడుతున్నాడు. "రెండు కాకి గుంజుకపోయింది సార్. కొమ్మలు కొట్టినం గద, మీదికెల్లి సాఫ్ కనవడ్తది. తల్లి పొద్దుందాక ఒర్రింది. మీరు పరేషాన్ గాకుండ్రి, మల్ల గుడ్లు పెడ్తది. గా కరేపాకు చెట్టు మీద సుత ఒకటి పెట్టింది. ఉదయ్ సార్‌కి చెప్పిన. వచ్చే ఆదివారం షురూ."

ఆ పొడుగాటి కొమ్మ ఇంకా కంచెలోనే గుచ్చి ఉంది. అన్నయ్య వంగి చూశాడు. ఎండిన జిగురు మూడు తెల్లటి మచ్చలుగా ఉంది. నడిమి మచ్చలో ఒక చిన్న వేలు, గోరుతో సహా, నిలబడి ఉంది. దాని మీదా చీమ ఒకటి తిరుగుతోంది.

బస్సులో అన్నయ్య కిటికీ పక్కన కూర్చుని అరచేతులు చూసుకున్నాడు. సీతాఫల్‌మండి స్టాపు దగ్గరికి వచ్చాక, "ఆ అట్ట నానే పట్టుకున్నాను కదే," అన్నాడు.

మేం ఇంట్లోకి అడుగుపెట్టే సరికి ఫోన్ మోగుతోంది. వదిన ఎత్తి, గొంతు తీయగా చేసుకుని రెండు మాటలు మాట్లాడి నా చేతికిచ్చింది.

"హాయ్! ఫొటో మెయిల్ చేశాను, చూశారా?" అన్నాడు ఉదయ్‌కిరణ్.

"ఆ పిల్లలు చచ్చిపోయాయండి."

"ఓ, బ్యాడ్ లక్. నేచర్‌లో చాలావరకు పోతూనే ఉంటాయిలెండి. నిజానికి ఇప్పుడు ఆ ఫొటో వాల్యూ ఇంకా పెరిగింది. వినండి, ఒక ఐడియా వచ్చింది. దాన్ని మన శుభలేఖ మీద వేద్దాం. పైన పిట్టలు, కింద మన పేర్లు. ఎలా ఉంటుంది?"

ఫోను చెవికి తగిలిన చోట కూడా నాకు జిగురు అంటినట్టే ఉంది.

"వద్దండి."

"సరే, వేరేది వేద్దాం. నా దగ్గర చాలా ఉన్నాయి."

"ఫొటో కాదండి. మీరు వద్దు."

అతను నవ్వాడు. "మీరు అసలు మాట్లాడరన్నారే మీ అన్నయ్య!"

పెట్టేశాను. వదిన నన్ను తిట్టడం మొదలుపెట్టే లోపలే మళ్లీ మోగింది. ఈసారి అన్నయ్య ఎత్తాడు. శేషారత్నం గారి గొంతు గదంతా వినబడింది. పూలు పెట్టించుకున్న పిల్ల కాదనడం ఎక్కడైనా ఉందా అంటోంది. నోరులేని పిల్ల అని చెప్పి తమని మోసం చేశారంటోంది.

అన్నయ్య చాలాసేపు విన్నాడు. "అవునండి," అన్నాడు చివరికి. "నానే తప్పు చెప్పేను. మా చెల్లికి నోరుంది. అది వద్దంది." ఫోను పెట్టేసి, ఎవరినీ చూడకుండా ఫ్రిజ్ దగ్గరికి వెళ్లాడు.

"దాన్ని పీకేయకండి," అంది వదిన ఏడుపు గొంతుతో. "పిట్టలేటి పాపం చేసేయి? ముద్దుగా ఉన్నాయి."

అన్నయ్య పీకలేదు. కళ్లద్దాలు పైకి జరుపుకుని, ముఖం ఫొటోకి ఆనేంత దగ్గరగా పెట్టి, పిల్లల కాళ్ల వైపు చూశాడు. వేలితో తాకాడు.

"ఇదిగో," అన్నాడు. "ఇక్కడ మెరుస్తాంది. ముందు నుంచీ ఉందే ఇది."

తర్వాత వెళ్లి, కుళాయి తిప్పి, చేతులు కడుక్కున్నాడు. ఇంకా కడుక్కుంటూనే ఉన్నాడు.